పండగ పూట పాస్టరు గది

"శివరాత్రికి పూజారి సెలవు పెట్టినట్టుంది" అన్నారు మా చర్చి సంఘ కమిటీలో ఒక పెద్దాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక గాని ఆ నవ్వు మింగుడు పడలేదు.

సంగతి ఇదీ. అనంతపురం చుట్టుపక్కల నాలుగు పల్లెల్లో మా సంఘం తరఫున పనిచేసే అబ్బాయి ఒకడున్నాడు. 24 ఏళ్లు. అరకు పైన కొండల్లో ఊరు. ఇక్కడికొచ్చి రెండేళ్లు దాటింది. నవంబరు మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీకి ఒక కాగితం ఇచ్చాడు. క్రిస్మస్‌కి ఇంటికి వెళ్లాలని ఉంది, వారం రోజులు సెలవు ఇప్పించండి అని రెండు వాక్యాలు. కింద సంతకం, దాని కింద ఫోన్ నంబరు. ఆ నంబరు మా అందరి దగ్గరా ఉంది. అయినా రాశాడు, ఆఫీసులో ఇచ్చే అర్జీలాగా.

"దేవుడి పనికి బయల్దేరినోడికి ఇంకా ఇల్లేంది?" అన్నారు ఇంకొకరు. మూడో ఆయన ఏకంగా ఫాదర్ ఫెర్రర్‌ని తెచ్చారు. "యాడో స్పెయిన్ నుంచి వచ్చినాయన 40 ఏండ్లు ఈ ఎండలో ఉండలేదా? ఆయప్ప అడిగినాడా సెలవు?" ఈ జిల్లా పేదల కోసం బతికిన మనిషి, అనంతపురంలో ఆయన పేరు ఎత్తాక ఎదురు మాట్లాడటం కష్టం. విషయం వచ్చే సమావేశానికి వాయిదా పడింది. ఆ అబ్బాయి బయట వరండాలో పిల్లల చేత క్రిస్మస్ నాటకం డైలాగులు చెప్పిస్తున్నాడు. మా మాటలన్నీ వినపడే ఉంటాయి.

అక్కడ నోరు విప్పలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. 1996లో నేనూ ఇలాంటి కుర్రాడినే.

మాది కోనసీమ. ముమ్మిడివరం అవతల, గోదావరి పాయకి దగ్గరలో ఒక పేట. బైబిల్ ట్రైనింగ్ రెండేళ్లు పూర్తి చేశాక ఒక మిషన్ వాళ్లు నన్ను అనంతపురం జిల్లాకి పంపారు. అప్పటికి నాకు 22. సంక్రాంతి వెళ్లిన వారానికి రావులపాలెంలో బస్సెక్కి, విజయవాడలో మారి, రాత్రంతా కూర్చుని వచ్చాను. తెల్లవారి కిటికీలోంచి చూస్తే ఎర్ర నేల, రాళ్ల గుట్టలు, అక్కడొకటి ఇక్కడొకటి తుమ్మచెట్టు. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా అనంతపురం అని స్కూల్లో చదువుకున్నాను. ఒక మార్కు ప్రశ్న. దాని అర్థం ఆ పొద్దున తెలిసింది.

నన్ను వేసిన పల్లె కళ్యాణదుర్గం దారిలో ఉంది. గది కోసం తిరిగితే ప్రతిచోటా మొదట అడిగేది "మీరేమిట్లు?" అని, అంటే కులం. నా జవాబు విన్నాక ఆ గది అప్పటికే ఎవరికో ఇచ్చేశామనేవాళ్లు. దీని గురించి విడిగా రాయాలి, ఇక్కడ ఆపుతాను. చివరికి ఎస్సీ కాలనీలో ప్రార్థన మందిరాన్ని ఆనుకుని ఉన్న రేకుల గదిలో చేరాను. పక్కింట్లో ఒక ముసలావిడ ఉండేది. కాలనీ మొత్తం ఆమెను జేజి అని పిలిచేది. మా వైపు జేజి అంటే దేవుడు. చంటిపిల్లలకి "జేజికి దణ్ణం పెట్టు" అని నేర్పుతాం. ఇక్కడ జేజి అంటే అవ్వ. మొదటి రోజు ఎవరో "జేజి నిన్ను పిలుస్తాంది సారూ" అంటే నాకు ఒక్క క్షణం ఒళ్లు జలదరించింది. ఆ సంగతి చెప్తే కాలనీలో పదేళ్లు నవ్వుకున్నారు.

మిషనరీ అనగానే జనం రెండు రకాలుగా ఊహించుకుంటారు. కొందరికి డబ్బు సంచీతో మతం మార్చడానికి దిగిన ఏజెంటు. ఇంకొందరికి నడిచే దైవజనుడు. నా రోజులో ఎక్కువ భాగం నీళ్లకే పోయేది. పొద్దున నాలుగున్నరకి ప్రార్థనకి లేవాలన్నది మిషన్ నియమం. నేను లేచేది మాత్రం బోరింగు దగ్గర బిందెల వరస పెరగకముందే నా బిందె పెట్టుకోవడానికి. బిందె వరసలో ఉండగా ప్రార్థన, నీళ్లు మోసుకొచ్చాక కిరసనాయిల్ స్టవ్వు మీద అన్నం, ఎనిమిదింటికి సైకిలు. రోజుకో పల్లె. మంచంలో ఉన్నవాళ్ల దగ్గర ప్రార్థన, బెంగళూరులో బేల్దారి పనికి పోయిన కొడుకులకు తల్లులు చెప్పే ఉత్తరాలు రాయడం, పింఛను కాగితాలు చదివి పెట్టడం, ఎవరికైనా జ్వరం ముదిరితే బస్సులో కూర్చోబెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లడం, సాయంత్రం పిల్లలకు పాటలు. రాత్రి తొమ్మిదికి గదికొస్తే పొద్దుటి అన్నం మిగిలి ఉంటే తినడం, లేకపోతే చెనిక్కాయలు, అంటే వేరుశెనగలు.

ఆ రోజుల్లో నాకు పని రాదు. వచ్చనుకున్నాను. మొదటి నెల్లో యేసు శిష్యులు చేపలు పట్టిన గలిలయ సముద్రం గురించి ప్రసంగం చేశాను. వల, పడవ, గట్టున తెడ్డు వేసే తీరు, తుపాను లేచే ముందు నీళ్ల రంగు, ఒక్కటి వదల్లేదు. చూసినవాణ్ణి కదా. అయ్యాక ఒకాయన వచ్చి మర్యాదగా అడిగాడు: "సారూ, ఆ సముద్రం మా ఊరి చెరువంత ఉంటాదా? చెరువు నిండినప్పుడు చెప్తాండా, ఇప్పుడు కాదు." ఆ చెరువు నిండి ఎన్నేళ్లయిందో నేను అడగలేదు. ఊళ్లో బిందెకి తగువులు పడే ఎండాకాలంలో నేను జీవజలం గురించి చెప్తుంటే తలూపి విన్న ఓపిక గురించి ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

ఆ ఏడు డిసెంబరులో ఇంకోటి తెలిసింది. పంట ఎత్తేసిన చేలల్లో కురుబోళ్లు గొర్రెల మందను రాత్రిళ్లు నిలుపుతారు. ఎరువు కోసం రైతే పిలిచి మంద కట్టించుకుంటాడు. నల్ల కంబళి కప్పుకుని, చలిమంట వేసుకుని, కుక్కల్ని పెట్టుకుని తెల్లవార్లూ కాపలా. కొబ్బరితోటల్లో పెరిగిన నాకు, యేసు పుట్టిన రాత్రి గురించి లూకా రాసిన గొర్రెల కాపరులు క్రిస్మస్ కార్డు మీద బొమ్మలే. నా ఇరవై రెండేళ్ల బైబిలుకి అనంతపురం వాళ్లు ఆ రాత్రి అర్థం చెప్పారు. నేను వాళ్లకి చెప్పింది మాత్రం పడవల గురించి.

ఇంతకీ పండగల గురించి కదా. రాయలసీమ పల్లెలో పండగకి గోడలుండవు. కడప దగ్గర దేవుని కడప గుడికి ఉగాది రోజు ముస్లింలు కొబ్బరికాయలు పట్టుకుని వస్తారు. ఇక్కడ అనంతపురం జిల్లా గూగూడులో పీర్ల పండక్కి వచ్చే జనంలో హిందువులే ఎక్కువ. అక్కడ కొలిచే స్వామి పేరు మీద కుళ్లాయప్ప అని రెండు మతాల వాళ్లూ పెట్టుకుంటారు, పేరు విని మతం చెప్పలేం. అలాంటి చోటికి నేను ఒక నియమం పట్టుకొచ్చాను: అన్యుల పండగ వంట ముట్టకూడదు. ట్రైనింగులో రాసుకున్న నోటు పుస్తకంలో కింద రెండు గీతలు గీసి ఉంది.

1996 ఉగాదికి, ధాత నామ సంవత్సరం, జేజి స్టీలు పళ్లెంలో నాలుగు ఓళిగలు పెట్టి, మీద నెయ్యేసి తెచ్చింది. మా వైపు బొబ్బట్లంటాం. ఆమె ఇంట్లో నెయ్యి ఏడాదికి ఒకటి రెండుసార్లే కనపడేది. నేను తలుపు దగ్గరే నిలబడి, మేము తినమమ్మా, ఏమీ అనుకోకండి అన్నాను. "పెసాదం కాదు సామీ, ఇంట్లో చేసినేటివే" అంది. నేను మళ్లీ తల అడ్డంగా ఊపాను. ఆమె పళ్లెం మీద కొంగు కప్పుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం నెల రిపోర్టులో ఒక వాక్యం రాశాను, సాక్ష్యం నిలబెట్టుకున్నానని. మెచ్చుకుంటూ జవాబు కూడా వచ్చింది.

తినమని అపొస్తలుడు పౌలే బైబిల్లో రాశాడని తర్వాత చదివాను. అన్యుడు భోజనానికి పిలిస్తే, వడ్డించింది ఏదైనా ఆరా తీయకుండా తినమని కొరింథీయులకు చెప్పాడు. ట్రైనింగులో ఆ అధ్యాయం చదవలేదని కాదు. పరీక్షలో పది మార్కులకి రాసినవాణ్ణి.

నవంబరు 6. ఆ రాత్రి కాలనీలో చెనిక్కాయ కుప్పల దగ్గర కూడిక పెట్టుకుని, వేయించిన కాయలు తిని, పడుకున్నాను. అదే రాత్రి తుపాను కోనసీమ మీద పడింది. మర్నాడు మధ్యాహ్నం టీ అంగడి రేడియోలో విన్నాను. ఆ మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. కొబ్బరిచెట్లన్నీ దువ్విన జుట్టులా ఒకే వైపుకి పడుకుని ఉన్నాయి. ఐ.పోలవరం, కాట్రేనికోన, బలుసుతిప్ప, భైరవపాలెం. పేపర్లో అచ్చయిన పేర్లన్నీ నాకు దారులు తెలిసిన ఊళ్లు. చనిపోయినవాళ్లు చివరికి వెయ్యి మందికి పైగా తేలారు. మా ఇంటికి కబురు అందించే కిరాణా కొట్టు ఫోను మోగనే లేదు. నేను మిషన్ ఆఫీసుకి ఫోన్ చేసి, వెళ్లొస్తానని అడిగాను. మీ వాళ్లని దేవుడు చూసుకుంటాడు, నువ్వు దేవుడి మందని చూసుకో అన్నారు. చెడ్డవాళ్లు కారు. ఆ మాట నిజంగా నమ్మే అన్నారు, అందుకే ఎదురు చెప్పలేకపోయాను. చేతిలో డబ్బూ లేదు. నెలకు 1100 జీతం, నెల మొదట్లోనే సగం అప్పులకి పోయింది.

పదకొండు రోజులు. ఆ రోజుల్లో ఏం ప్రసంగించానో ఒక్క ముక్క గుర్తు లేదు. గుర్తున్నది జేజి. మొదటి సాయంత్రమే రాగిసంగటి ముద్ద, ఊరిబిండి తెచ్చి నా ముందు పెట్టి, లోపలికి రమ్మనకుండానే వచ్చి గోడకి ఆనుకుని కూర్చుంది. ఉగాది సంగతి ఎత్తలేదు. "తిను. తిన్యాక ఏడ్చు. ఏడిస్తే మీ యేసయ్యేమన్నా జీతం కోస్తాడా?" అంది. రోజూ వచ్చింది. రోజూ తినేదాకా కూర్చుంది. ఆరో రోజో ఏడో రోజో కాలనీ పెద్దలు ఇద్దరు ఒక సంచీ చెనిక్కాయలు, 340 రూపాయలు తెచ్చి, మీ నాయనోళ్లకి పంపు అన్నారు. ఆ ఏడు వాళ్ల పంట ఎలా పండిందో నాకు తెలుసు. నా రిపోర్టులో ఆ కాలనీ గురించి అంతకు ముందు నెల నేను రాసింది కూడా తెలుసు: "రక్షణ పొందని కుటుంబాలు 41", అంటే యేసుని నమ్ముకోనివి. ఆ డబ్బు ఇచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆ 41లో వాళ్లే.

పన్నెండో రోజు నాన్న కార్డు వచ్చింది. "అందరం క్షేమం. ఇల్లు లేదు. నువ్వు ఆరోగ్యం జాగ్రత్త." నేను మనియార్డరు పంపాను. కబురు రాసే చోట ఊరివాళ్లు పంపారు అని రాశాను. మన సంఘం వాళ్లా అని నాన్న తర్వాత కార్డులో అడిగాడు. దానికి జవాబు కార్డులో పట్టదని ఊరుకున్నాను.

ఆ క్రిస్మస్‌కి మా అమ్మావాళ్లు తాటాకు పాకలో ఉన్నారు. నేను ఇక్కడున్నాను. తెల్లవారుజామున నాలుగుకి ఒక పల్లెలో ఆరాధన, ఏడుకి ఇంకో పల్లె, పదికి మూడోది, మధ్యాహ్నం నాలుగోది. నాలుగుచోట్లా కోడికూర పెట్టారు, నాలుగుచోట్లా తిన్నాను, కాదనడం అప్పటికే మానేశాను కాబట్టి. సాయంత్రం నాలుగుకి గదికొచ్చి సైకిలు గోడకి ఆనించాను. అందరూ ఎవరిళ్లల్లో వాళ్లు. మైకుసెట్టు వాళ్లు వైర్లు చుట్టేసుకుని వెళ్లిపోయారు. రంగు కాగితాల తోరణాలు గాలికి చప్పుడు చేస్తున్నాయి. పండగ నడిపించినవాడికి పండగ రోజు ఎక్కడికి పోవాలో ఉండదు. పాస్టర్ల పిల్లలకీ, పాస్టరమ్మలకీ ఇది తెలుసు. పూజారుల ఇళ్లల్లో, ఇమాముల ఇళ్లల్లో కూడా తెలిసే ఉంటుందని నా అనుమానం. అప్పట్లో రాత్రి పదకొండు దాటితే ఎస్టీడీ పావు ధర. సైకిలు తొక్కుకుంటూ కళ్యాణదుర్గం వెళ్లాను. ఫోనుకి అవతల, మా ఊరి కిరాణా కొట్టు దగ్గర, అమ్మ నిద్ర ఆపుకుని కూర్చుని ఉంది. "తిన్నావా?" అంది. తిన్నాను అన్నాను. ఆ తర్వాత ఇద్దరికీ మాట రాలేదు. మీటరు మీద ఎర్ర అంకెలు మాత్రం మారుతూ ఉన్నాయి.

ఇప్పుడు మా కమిటీ మాటలకి వస్తాను.

దేవుడి పనికి వచ్చినవాడికి ఇల్లేమిటి అన్నారు. ఈ మాట మనకి ఎవరు నేర్పారో గాని, మన దగ్గరికి వచ్చిన తెల్లదొరలు మాత్రం ఆ మాట మీద నడవలేదు. లండన్ మిషన్ 1810లో బళ్లారికి, 1822లో కడపకి వచ్చింది. సూయెజ్ కాలువ లేని రోజులు. ఓడ ఆఫ్రికా చుట్టూ తిరిగి నెలలకి నెలలు పట్టేది, ఇంటికి ఉత్తరం రాసి జవాబు చూడాలంటే ఏడాది. ఎందరో ఇక్కడే మట్టిలో కలిశారు, వాళ్ల ఒంటరితనాన్ని తక్కువ చేయను. కాని తర్వాత్తర్వాత మిషన్లు దీన్ని గుర్తించాయి. కొన్నేళ్లకోసారి ఫర్లో పేరుతో స్వదేశానికి పంపేవి. ఎండాకాలం వస్తే కొండలకి పంపేవి. కొడైకెనాల్ ఊరు పుట్టిందే అలా. 1845లో మదురై నుంచి అమెరికన్ మిషనరీలు మైదానం జ్వరాలు, ఎండలు తట్టుకోలేక అక్కడ ఇళ్లు కట్టుకున్నారు. మే నెలలో దొర కొడైకెనాల్లో, ఊటీలో ఉంటే ఇక్కడ పల్లెల్లో తిరిగిందెవరు? ఉపదేశి, అంటే మిషన్ కింద పల్లెల్లో బోధించే మనవాడు. మన తాతలు. ఆయనకి ఫర్లో లేదు, కొండా లేదు. ఆయన ఇల్లు పక్క తాలూకాయే కదా, సెలవెందుకు అనుకున్నారు. దొరలు పోయారు. కొండ బంగళాలు పోయాయి. ఉపదేశికి సెలవెందుకు అనే అలవాటు మాత్రం మన కమిటీల్లో భద్రంగా ఉంది, దానికి మనం త్యాగం అని పేరు పెట్టాం.

ఫెర్రర్ సంగతి. ఆయన 1952లో జెసూట్ మిషనరీగా బొంబాయిలో దిగారు. మహారాష్ట్రలో రైతులతో పనిచేస్తుంటే 1968లో దేశం వదలమన్నారు. తిరిగొచ్చి 1969లో అనంతపురం చేరారు. 1970లో జెసూట్ సంఘాన్ని వదిలేశారు, అదే ఏడు ఆన్ గారిని పెళ్లి చేసుకున్నారు, పిల్లలు ఇక్కడే పెరిగారు. 2009లో పోయేదాకా జనం ఫాదర్ అనే పిలిచారు, బత్తలపల్లిలో సమాధి దగ్గర ఇప్పటికీ అలాగే అంటారు. మా పెద్దాయన చెప్పిన 40 ఏళ్ల లెక్క సరిగ్గానే ఉంది. కాని ఆ 40 ఏళ్లూ ఆయనకి సాయంత్రం వెళ్లడానికి ఒక ఇల్లుంది, అదీ అనంతపురంలోనే. ఇల్లు లేని మనిషికి ఆయన్ని ఉదాహరణగా ఎలా చూపిస్తాం? మనం ఆ అరకు అబ్బాయికి ఇచ్చింది రేకుల గది, నాలుగు పల్లెలు, ఒక పెట్రోలు బిల్లుల పుస్తకం.

నా మాట ఇంతే. ఇంటి మీద బెంగ విశ్వాసం తక్కువైనందుకు వచ్చే జబ్బు కాదు. దాన్ని అణిచేసుకోమని చెప్పిన ప్రతిసారీ మనం ఆ పిల్లాణ్ణి కొంచెం గట్టిపరుస్తున్నాం, ఆ గట్టిదనంతోనే వాడు జేజి పళ్లెం తిప్పి పంపిస్తాడు. నేను పంపించాను కాబట్టి చెప్తున్నాను. నాకు ఏమీ అక్కర్లేదు, నేను ఇవ్వడానికే వచ్చాను అనుకున్నన్నాళ్లూ ఆ ఊళ్లో నేను పరాయివాణ్ణే. తుపాను నన్ను అడుక్కునేవాణ్ణి చేశాక గాని కాలనీవాళ్లు నన్ను పేరు పెట్టి పిలవలేదు. అంతకుముందు "యేసయ్య సారు".

ఇది నేను కనిపెట్టింది కాదు. డెబ్భైమంది శిష్యులను ఇద్దరిద్దరిగా పంపినప్పుడు సంచీ పట్టుకెళ్లొద్దు, ఏ ఇంట్లో దిగితే ఆ ఇంట్లోనే ఉండండి, వాళ్లు పెట్టింది తినండి, తాగండి అని చెప్పి పంపాడు యేసు. అదే చోట ఇంటింటికీ తిరగొద్దని కూడా ఉంది. మేము ఏళ్ల తరబడి "ఇంటింటి సువార్త" అని కార్యక్రమాలు పెట్టాం, ఆ ముక్క ఎవరూ చదివినట్టు లేదు. సమరయ బావి దగ్గర జీవజలం గురించి చెప్పబోయే ముందు ఆయన నీళ్లకి వచ్చిన సమరయ స్త్రీని దాహానికి అడిగాడు. ముందు అడిగాడు. మా నెల రిపోర్టులో పంచిన కరపత్రాలకి ఒక గడి, దర్శించిన ఇళ్లకి ఒక గడి, బాప్తిస్మాలకి ఒక గడి ఉండేవి. తిన్న భోజనాలకి గడి ఉండేది కాదు. ఉండి ఉంటే అన్నిట్లోకీ నిజమైన అంకె అదే అయ్యేది.

కడప మీద ప్రేమున్నవాళ్లకి ఇక్కడ బ్రౌన్ దొర గుర్తురావచ్చు. ఆయన మిషనరీ కాదు, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. తండ్రి డేవిడ్ బ్రౌన్ మాత్రం కలకత్తాలో మత ప్రచారకుడే. 1820లో కడప వచ్చిన ఆ కుర్రాడికి అప్పటికి 22 నిండలేదు. తర్వాత తన బంగళాలో పండితుల్ని కూర్చోబెట్టుకుని వాళ్ల దగ్గర నేర్చుకున్నాడు. మనకి వేమన అచ్చులో దక్కిందీ, నిఘంటువు దక్కిందీ అందుకే. 22 ఏళ్లకి నేను పడవల గురించి ప్రసంగం చేశాను.

పోయినేడు బెంగళూరులో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు పార్కులో ఇద్దరు కుర్రాళ్లు కనపడ్డారు. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల పేరు బిళ్ల. మోర్మన్లు, అమెరికాలో పుట్టిన ఒక మత శాఖ వాళ్లు. ఒకడు రాజమండ్రి వాడని మాటల్లో తెలిసి, "ఆయ్" అన్నాను. వాడి మొహం వెలిగిపోయింది. వాళ్ల సిద్ధాంతాలతో నాకు పొత్తు కుదరదు, అది వేరే. కాని ఒక సంగతి అడిగి తెలుసుకున్నాను. వాళ్లలో అబ్బాయిలు రెండేళ్లు, అమ్మాయిలు ఏడాదిన్నర పనికి వెళ్తారు. పొద్దున ఆరున్నరకి లేవడం, ఎప్పుడూ జంట వదలకుండా తిరగడం, వారానికో రోజు బట్టలు ఉతుక్కోవడానికి, సరుకులు తెచ్చుకోవడానికి. చాలా ఏళ్లపాటు ఇంటికి ఫోన్ చేసుకునేది ఏడాదికి రెండే రోజులు, క్రిస్మస్ ఒకటి, మదర్స్ డే ఒకటి. మిగతా వారాలు ఉత్తరాలే. అంత పట్టుదలగా నిలబెట్టిన నియమాన్ని 2019 ఫిబ్రవరిలో వాళ్లే తీసేశారు. ఇప్పుడు వారం వారం ఇంటికి ఫోన్ చేసుకోవచ్చు. "మరి పని పాడైందా?" అని అడిగాను. వాడు ఇంకో కుర్రాడి వంక చూసి నవ్వాడు. "అమ్మ ఏం వండిందో చెప్తుందండి. ఆ రోజు ఆకలెక్కువేస్తుంది, అంతేనండి."

పూజారి పోలికకి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. 25న సంఘానికి ఎవరో ఒకరు కావాలి, నిజమే. అంతకుముందు నెలంతా కేరల్స్, సెమీ క్రిస్మస్, 31 రాత్రి వాచ్‌నైట్ ప్రార్థన, ఆ తర్వాత కొత్త సంవత్సరం ఆరాధన. ఇలా లెక్కేస్తే డిసెంబరులో మిషనరీకి సెలవిచ్చే రోజే ఉండదు. కాని మా కమిటీలో ప్రార్థన చేయగలిగిన మగవాళ్లు తొమ్మిదిమంది, ఆడవాళ్లు ఇద్దరు. పల్లెలు నాలుగు. ఇందులో పెద్ద లెక్కేముంది?

రెండో సమావేశం మొన్న అయింది. ఈసారి మాట్లాడాను. గొంతు వణికింది, ఎందుకో జేజి గురించి చెప్పలేకపోయాను, కొడైకెనాల్ గురించి మాత్రం చాలా చెప్పాను. ఉపదేశి మనవడైన ఒకాయన కాస్త మెత్తబడ్డారు. శివరాత్రి పెద్దాయన మెత్తబడలేదు. చివరికి 26 నుంచి 31 మధ్యాహ్నం దాకా అని తీర్మానం రాశారు. అందులో రానూపోనూ ప్రయాణానికే రెండు రోజులు పోతాయి. నాకు తృప్తి లేదు. ఆ అబ్బాయి మాత్రం "చాలన్నా" అని ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖకి స్లీపరు బుక్ చేసుకున్నాడు. వెయిటింగ్ లిస్టు 14.

25న నాలుగో పల్లె ఆరాధన నేను చేస్తానని పేరిచ్చాను, కాబట్టి మధ్యాహ్నానికి తన పని అయిపోతుంది. సాయంత్రం నాలుగుకి మా ఇంటికి రమ్మన్నాను. మా ఆవిడ ఏం వండమంటావని అడిగింది. వాడు కాసేపు ఆలోచించాడు.

"నాలుగూళ్లలో... కాదు, మూడూళ్లలో తినే వస్తాను కదా అక్కా. మీ ఇంట్లో కాసేపు పడుకోవచ్చా?"

ముందు గదిలో మంచం మీద పేరుకున్న పుస్తకాలు తీసేస్తున్నాను.